పెట్టె నిండా బర్లీ వాసన

అట్టపెట్టె మీది టేపు కోశానో లేదో, ముందుగదంతా పొగాకు వాసన కమ్ముకుంది.

మాది టంగుటూరు పక్క పల్లె. పొగాకు వాసన మా ఇంటికి చుట్టం కాదు, ఇంటి మనిషి. అయినా ఇది మా ఆకు కాదని ముక్కు వెంటనే పట్టేసింది. బ్యారన్‌లో, అంటే ఆకు కాల్చే కొట్టంలో, వేడికి పండిన వర్జీనియా ఆకు తియ్యగా, పాకం పడుతున్న బెల్లంలా ఉంటుంది. ఇందులో ఆ తీపి లేదు. తడిమట్టి, ఎండుగడ్డి, పాత తోలుచెప్పు కలిసినట్టుండే ఘాటు. ఇది బర్లీ. నిప్పు ముఖం చూడకుండా, చూరు కింద వేలాడి వేలాడి గాలికే ఆరిన ఆకు.

పెట్టె పంపింది అమెరికాలో, టెనెసీలో ఉండే ఒక పెద్దాయన కూతురు. లోపల మడిచిన కాగితంలో నాలుగే వాక్యాలు. నాన్న నిద్రలోనే పోయారు. తొంభై దాటాయి కాబట్టి మీరు దిగులుపడవద్దు. ఈ పెట్టె మీద మీ పేరు ఆయనే రాసి పక్కన పెట్టుకున్నారు. పంపడం ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. పేరు రాసింది నిజంగా ఆయనే. ఏడేళ్ళు పక్కపక్కన పనిచేసినా నా ఇంటిపేరులో ఎప్పుడూ ఒక అక్షరం ఎక్కువే రాసేవారు. ఇప్పుడూ ఎక్కువే ఉంది.

కేసెట్లు యాభై దాకా ఉన్నాయి. వాటి అడుగున ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువగా ఉన్న గోధుమరంగు అట్టపుస్తకం. దాన్ని చూడగానే పెట్టె మూసేశాను. ఆ రోజుకు అంతే చాలనిపించింది.

* * *

నేను కెమికల్ ఇంజినీరుగా కింగ్స్‌పోర్ట్ చేరేనాటికి నాకు ముప్పయి. టెనెసీ రాష్ట్రానికి ఈశాన్య మూలన, వర్జీనియాకు కూతవేటు దూరంలో, హోల్‌స్టన్ నది ఒడ్డున ఉన్న ఊరు. వెంట తెచ్చుకున్న ఘంటసాల, బాలమురళి కేసెట్లు ఏడు. ఆరు నెలలు తిరిగేసరికి ఏడూ అరిగిపోయి, ఘంటసాల గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుండేది. తెలుగు మాట వినాలంటే నాక్స్‌విల్ వెళ్ళాలి, గంటన్నర ప్రయాణం.

రాత్రి షిఫ్టులో నాకు తోడు ఈ పెద్దాయన. ఆపరేటరు. అప్పటికే అరవైకి దగ్గరగా ఉన్నారు. మాట తక్కువ. తెల్లవారుజామున రెండు దాటాక, కొలతలన్నీ పుస్తకంలోకి ఎక్కించాక, సొరుగులోంచి అరచేయంత కేసెట్ ప్లేయరు తీసి బల్ల మీద పెట్టేవారు.

మొదటి రాత్రి విన్నది నాకు పాటలా అనిపించలేదు. బాంజో ఒక్కో స్వరాన్ని గిల్లుతోంది. దాని మీద ఒక మగ గొంతు, ఇసుక తొక్కినట్టు గరగరలాడుతూ, ఎవరి మీదో కోపం తీరనట్టు. అమెరికా సంగీతమంటే అప్పటికి నాకు తెలిసింది ఎల్విస్ ప్రెస్లీ, మైకేల్ జాక్సన్, ఒంగోలులో కేసెట్ల కొట్టు గోడల మీది బొమ్మలు. ఎవరీయన అని అడిగాను.

"డాక్ బాగ్స్. నార్టన్ మనిషి. ఇక్కడికి గంట ప్రయాణం" అన్నారు, పక్కవీధి ఆయన గురించి చెప్పినట్టు.

డాక్ బాగ్స్ బొగ్గుగని కార్మికుడు. 1927లో న్యూయార్క్ వెళ్ళి ఎనిమిది పాటలు రికార్డు చేసి వచ్చాడు. ఇక పాటతోనే బతకవచ్చని ఆశపడ్డాడు. ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. ఇంట్లో భార్యకు ఆ పాటలు గిట్టలేదు. బాంజో తాకట్టుకు పోయింది, ఆయన మళ్ళీ గనిలోకి దిగాడు. 1963లో మైక్ సీగర్ అనే గాయకుడు వెతుక్కుంటూ వచ్చేనాటికి గని పని నుంచి కూడా విరమించుకుని ఉన్నాడు. ఇదంతా పెద్దాయన ఒక్క రాత్రిలో చెప్పలేదు. రాత్రికో వాక్యం చొప్పున నెల రోజులు చెప్పారు.

ఆయనా బాంజో వాయించేవారు. వేళ్ళతో పైకి మీటడం కాదు, గోటితో కిందికి కొట్టే పాత పద్ధతి. ఆ వాద్యానికి ఐదో తీగ ఒకటుంది, మిగతా నాలుగింటికంటే పొట్టిది, మెడ మధ్యలో మొదలవుతుంది. పాట ఎటు పోయినా బొటనవేలు దాని దగ్గరికి తిరిగి వచ్చి ఒకే స్వరాన్ని మోగిస్తూ ఉంటుంది. మా తంబూరా చేసే పని మీ ఐదో తీగ చేస్తోందని చెబితే తల ఊపారు. ఈ వాద్యం ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులతో వచ్చిందని, తన తాతలు నల్లవారి చేతుల్లో చూసే నేర్చుకున్నారని ఆయనే చెప్పారు. ఆ కొండల్లో అందరూ అంత తేలిగ్గా ఒప్పుకునే మాట కాదది.

* * *

పెద్దాయనకు ఊరి బయట కొండవాలులో అరెకరం పొగాకు ఉండేది. కర్మాగారంలో పనిచేసేవారిలో చాలామందికి అలాంటి మడి ఒకటి ఉన్న కాలం. ఎంత పండించాలో ప్రభుత్వం కోటా రాసిచ్చేది. అది పొలంతోపాటే తండ్రి నుంచి పిల్లలకు వచ్చేది. క్రిస్మస్ ఖర్చు ఆ ఆకు మీదే. నేను పొగాకు రైతు కొడుకునని తెలిసిన రోజున ఆయన కుర్చీ మొత్తం నా వైపు తిప్పి చూశారు. ఆ సెప్టెంబరులో ఒక శనివారం పొలానికి రమ్మన్నారు. ఆయన లెక్కలో అది గౌరవం, నా నడుముకు శిక్ష.

మా దగ్గర ఆకును కింది నుంచి పైకి, పండినది పండినట్టు కొట్టుకొస్తాం. ఆడవాళ్ళు నీడన కూర్చుని కర్రలకు అల్లుతారు. బ్యారన్‌కు పొయ్యి ముట్టించి రాత్రింబగళ్ళు వేడి చూసుకుంటూ కాపలా కాస్తాం. అక్కడ మొక్కకు మొక్క నరికేస్తారు. ఐదారు కాండాలను ఒకే కర్రకు గుచ్చి, గాలి ఆడేలా పలకల మధ్య సందులు వదిలిన ఎత్తయిన కొట్టంలో అంతస్తుల మీద అంతస్తులుగా వేలాడదీస్తారు. ఇక ఎవరూ కాపలా ఉండరు. వారాల తరబడి గాలి తన పని తాను చేసుకుంటుంది.

కొట్టం లోపల దూలాల మీద మనుషులు ఒకరిపై ఒకరు కాళ్ళు పంగచాచి నిలబడ్డారు. కింది మనిషి కర్ర ఎత్తి ఇస్తే పై మనిషి అందుకుని ఇంకా పైకి ఇస్తాడు. అందరికంటే కింద నేను. బండి మీద నిలబడి నాకు కర్రలు అందిస్తున్నది పెద్దాయన అక్కగారు. డెబ్బై దాటిన మనిషి, తలకు గుడ్డ, మోచేతుల దాకా పొగాకు జిగురు. ఉన్నట్టుండి ఆవిడ పాట ఎత్తుకున్నారు.

వాద్యం లేదు, దరువు లేదు. పాటలో ఒక ప్రభువు, ఆయన భార్య, ఒక కుర్రవాడు, చివరికి ముగ్గురూ లేరు. పల్లవి లేదు, చరణం మీద చరణం, మెట్లు దిగుతున్నట్టు ఒకే వరస. కత్తి దిగే చరణం మధ్యలో ఆపి, "ఆ కర్ర వంకరగా పట్టుకున్నావు, ఆకు నలుగుతుంది" అని నన్ను కసిరి, ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకున్నారు. కత్తి దిగింది.

ఇలాంటివాటిని వాళ్ళు ప్రేమపాటలు అంటారు. నేను విన్న ప్రతి ప్రేమపాటలోనూ ఎవరో ఒకరు హతమయ్యారు. సిసిల్ షార్ప్ అనే ఇంగ్లండు పండితుడు 1916 నుంచి 1918 దాకా ఈ కొండల్లో తిరిగి, పుట్టిన దేశంలో వినబడడం మానేస్తున్న పాటలను ఇక్కడ పొలం పని చేసుకునేవారి నోట విని రాసుకున్నాడు. వెంట వచ్చిన మాడ్ కార్పెలెస్ మాటలు రాసుకుంటే ఆయన వరసలు రాసుకునేవాడట. ఇవి నేను పుస్తకాల్లో చదువుకున్నవి. కొట్టంలో నన్ను పట్టుకున్నది ఆవిడ ముఖం. పాటలో ఇంత ఘోరం జరుగుతున్నా ఆ ముఖంలో ఒక్క రేఖ కదలలేదు. మా మేనత్త దంచుతూ పాడేటప్పుడు కూడా ఇంతే. సీతమ్మ అగ్నిలో దూకినా ఆమె ముఖం మారేది కాదు, రోకలి లయ తప్పేది కాదు. ఏడవడం వినేవాళ్ళ పని.

ఆవిడ పాట ఏ రికార్డులోనూ లేదు. ఇప్పుడు వచ్చిన కేసెట్లలో ఉంటుందేమోనని ఒక్కో అట్టా తిప్పి చూశాను. లేదు.

* * *

శనివారం సాయంత్రాలు వర్జీనియా వైపు వెళ్ళేవాళ్ళం. హిల్టన్స్ అనే చిన్న ఊరు దాటి, క్లించ్ కొండ పాదాన్నే పోతే కార్టర్ ఫోల్డ్ అనే పాటల చావడి వస్తుంది. పాత రికార్డుల కాలపు గాయకుడు ఏ.పీ. కార్టర్ కూతురు జానెట్ 1974లో తండ్రి నడిపిన పాత దుకాణంలోనే వారానికొకసారి పాటలు పెట్టించడం మొదలుపెట్టారు. జనం పట్టక తరువాత పక్కనే కొండవాలును ఆనుకుని పెద్ద చెక్కశాల కట్టారు. అక్కడ మద్యం లేదు, కరెంటు గిటార్లు లేవు. చిక్కుడుగింజల పులుసు, మొక్కజొన్న రొట్టె అమ్మేవారు. ఆ పులుసులో కాస్త ఎండుమిరప తాలింపు పడితే ఎంత బాగుండునో అని ప్రతి వారం అనుకునేవాణ్ణి. ఫిడేలు ఎత్తుకోగానే ఎనభై ఏళ్ళ తాతలు బూట్ల అడుగున రేకులు బిగించుకుని వేదిక ముందుకు వచ్చేవారు. నడుము పైన మనిషి కదలడు, పాదాలు మాత్రం నేల మీద టకటకమని తాళం వేస్తాయి. అన్నట్టు మనమూ వయొలిన్‌ను ఫిడేలనే అనేవాళ్ళం. ద్వారం వారిది ఫిడేలే కానీ వయొలిన్ కాదు.

కరెంటు వాద్యాల నిషేధం పేరుమోసిన గాయకుడు జానీ క్యాష్ ఒక్కడికే వర్తించేది కాదు. ఆయన ఈ ఇంటి అల్లుడు. అల్లుడికి మినహాయింపు ఇవ్వని ఊరు భూమి మీద లేదు.

కార్టర్ కుటుంబం కథ అక్కడ పిల్లలకు కూడా తెలుసు. 1927 వేసవిలో విక్టర్ అనే రికార్డుల కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ బ్రిస్టల్ వచ్చాడు. ఆ ఊరి పెద్దవీధికి ఒక పక్క టెనెసీ, మరో పక్క వర్జీనియా. టెనెసీ పక్కన ఒక టోపీల కంపెనీ భవనంలో యంత్రాలు దించి, రెండు వారాల్లో 19 బృందాల చేత 76 పాటలు పాడించాడు. కార్టర్ కుటుంబం, గాయకుడు జిమ్మీ రాడ్జర్స్ లోకానికి మొదట వినబడింది అక్కడే. అక్కడి నుంచే కంట్రీ సంగీతం మొదలైందంటారు. ఈ కథ వచ్చినప్పుడల్లా పెద్దాయన ముఖం చిట్లించేవారు. మొదలైంది కాదు, అమ్మకానికి వచ్చింది అనేవారు.

ఆయన నాకు వినిపించాలనుకున్నది వేరే మనిషిని. ఉద్యోగ విరమణకు ముందు చివరి రాత్రుల్లో ఒకనాడు, కౌంటీ సేల్స్ నుంచి తపాలాలో తెప్పించుకున్న కేసెట్ పెట్టారు. ఫ్లాయిడ్ అనే చిన్న ఊళ్ళో ఉన్న ఆ కొట్టు నుంచి సూచీ వచ్చిన రోజు ఆయనకు పండగే. పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ కూర్చునేవారు. కేసెట్‌లో గిటారుతో ఒక ముసలి గొంతు, తొందర లేకుండా, పిట్టగోడ మీద కూర్చుని మాట్లాడుతున్నట్టు.

"ఈయన మన ఊరి మనిషే" అన్నారు.

పేరు లెస్లీ రిడిల్. నల్లజాతీయుడు. నార్త్ కరొలినాలో పుట్టి కింగ్స్‌పోర్ట్‌లో పెరిగాడు. సిమెంటు కర్మాగారంలో ప్రమాదం జరిగి ఒక కాలు పోయింది. తుపాకీ పేలి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. మిగిలిన వేళ్ళతోనే తనదైన వాయింపు అలవరచుకున్నాడు. 1920ల చివర ఏ.పీ. కార్టర్‌కు పరిచయమయ్యాడు. అప్పటికి రికార్డుల కంపెనీకి కొత్త పాటలు కావాలి, ఏ.పీ. కొండలన్నీ తిరిగి ఇంటింటా పాటలు అడిగేవాడు. మాటలు కాగితం మీద రాసుకునేవాడు కానీ వరస ఆయన చెవిలో నిలిచేది కాదు. వరసను మనసులో పట్టుకుని ఇంటికి తెచ్చి ఏ.పీ. భార్య సారాకు, తమ్ముడి భార్య మేబెల్‌కు వినిపించడం రిడిల్ పని. మేబెల్ గిటారు వాయించే తీరును ప్రపంచమంతా అనుకరించింది. ఆమె మాత్రం రిడిల్ దగ్గర నేర్చుకున్నదాన్ని మరచిపోలేదు. నల్లవారికి ఒక గుమ్మం, తెల్లవారికి ఒక గుమ్మం ఉన్న రోజుల్లో ఆ ఇద్దరు మగవాళ్ళు కలిసి ఊళ్ళు తిరిగారు. రికార్డుల మీద రిడిల్ పేరు లేదు. 1940లలో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌కు వెళ్ళిపోయి, కొన్నాళ్ళకు గిటారు కూడా అమ్మేశాడు. మేబెల్ చెప్పిన ఆనవాలు పట్టుకుని 1965లో మైక్ సీగర్ వెళ్ళి మళ్ళీ వాయింపజేశాడు. ఆ పాటలు ఆల్బమ్‌గా వచ్చింది 1993లో. రిడిల్ అది చూడకుండానే పోయాడు.

ఆ రాత్రి మేం ఆ కేసెట్ రెండు వైపులా రెండుసార్లు విన్నాం. రిడిల్ నడిచిన వీధుల్లోనే నేను ఏడేళ్ళుగా కూరగాయలు కొంటున్నాను. ఆ పేరు ఒక్క గోడ మీద కనబడలేదు.

మైక్ సీగర్ పేరు ఇన్నిసార్లు వస్తోంది కాబట్టి ఇదొకటి చెప్పాలి. ఆయన తల్లిదండ్రులిద్దరూ సంగీత విద్వాంసులు. ఆ ఇంట్లో పనికి కుదిరిన ఎలిజబెత్ కాటన్ ఒకరోజు గోడకున్న గిటారు తీసి, ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తలకిందులుగా పట్టుకుని, చిన్నతనంలో తాను కట్టుకున్న పాటను వాయించారట. తొంభై దాటాక ఆవిడకు గ్రామీ వచ్చింది. ఇంటినిండా విద్వాంసులు, వంటింట్లో వాగ్గేయకారిణి.

* * *

నా సంగతి కొంత చెప్పాలి, లేకపోతే ఆ వెడల్పు పుస్తకం సంగతి తెలియదు.

చిన్నప్పుడు అమ్మ పట్టుబట్టి నన్ను మా వీధి చివర సంగీతం మేస్టారి దగ్గర చేర్చింది. సరళీ స్వరాలు, జంట స్వరాలు ఎలాగో గట్టెక్కాయి. పిళ్ళారి గీతాల దగ్గర బండి ఆగింది. ముందు స్వరం పాడాలి, తరువాత అదే వరసకు సాహిత్యం పాడాలి. స్వరం పాడుతుంటే మేస్టారు కళ్ళు మూసుకునేవారు, ఆనందంతో కాదు. మూడో నెలలో అమ్మను పిలిచి, "అబ్బాయికి శ్రుతి లేదమ్మా, లెక్కలు చెప్పించండి" అన్నారు. అమ్మ ఆ మాట చుట్టాలందరికీ చెప్పింది, ఇప్పటికీ చెబుతుంది. నేను ఇంజినీరునయ్యాను కాబట్టి మేస్టారి జోస్యం తప్పిందనలేను. ఆనాటి నుంచి నేను శ్రోతను. స్నానాలగదిలో కూడా పాడిన వాణ్ణి కాను.

ఒక ఆదివారం పెద్దాయన స్మోకీ కొండల అంచున ఉన్న పాత చెక్క చర్చికి తీసుకువెళ్ళారు. పాడేవాళ్ళు ఉంటారన్నారు. నేను అలవాటుగా చివరి వరస వెతుక్కున్నాను. చివరి వరస లేదు. బల్లలన్నీ చతురస్రంగా లోపలివైపు తిప్పి వేశారు. ఒక్కో వైపు ఒక్కో రకం గొంతు. నడుమ ఖాళీ. శ్రోతలకంటూ వేసిన కుర్చీ ఒక్కటి లేదు. నిలబడి ఉంటానంటే పెద్దాయన నా చేతిలో అడ్డంగా పొడవుగా ఉన్న పుస్తకం పెట్టి, మంద్ర గొంతుల వరసలో తన పక్కన కూర్చోబెట్టారు.

పుస్తకం పేరు ద న్యూ హార్ప్ ఆఫ్ కొలంబియా. స్వాన్ అనే ఆయన 1867లో కూర్చాడు. పాత హార్ప్ అయితే 1848 నాటిది. తెరిచి చూస్తే స్వరాలన్నీ ఒకేలా గుండ్రంగా లేవు. ఒకటి త్రికోణం, ఒకటి చదరం, ఇంకొకటి వేరే ఆకారం. ఏడు స్వరాలకు ఏడు ఆకారాలు. గీతల మీద చోటు లెక్కపెట్టడం రాని రైతు కూడా ఆకారం చూసి ఇది ఏ స్వరమో పట్టుకోగలడు. వంద సంవత్సరాల కిందట ఊరూరా తిరిగే పంతుళ్ళు పది పదిహేను రోజుల బడి పెట్టి నేర్పి వెళ్ళేవారట.

ఒకావిడ చతురస్రం నడుమ నిలబడి పుట సంఖ్య చెప్పారు. ఎవరో ఆధార శ్రుతి అందించారు. ఆవిడ చేయి కిందికి దిగింది. అందరూ ఒక్కసారి ఎత్తుకున్నారు. పాటను కాదు, స్వరాలను. డో, సోల్, మీ, రే అంటూ, ఎవరి వరస స్వరాలు వాళ్ళు, పూర్తి గొంతుతో. చివరిదాకా స్వరం పాడి, ఆగకుండా వెనక్కి వచ్చి, అప్పుడు అదే వరసకు సాహిత్యం.

నా ఒళ్ళు జలదరించింది. ఇది గీతం. టంగుటూరులో చాప మీద నన్ను ఓడించి పంపిన గీతం, ఏడు సముద్రాల అవతల బల్లల మీద కూర్చుని నా కోసం కాచుకుని ఉంది.

అందంగా పాడుతున్నారని అనలేను. అరుస్తున్నారనే అనాలి. మెల్లగా పాడడం అనే మాటే అక్కడ లేదు. పాటకు అసలు వరస మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి పాడే టెనర్ వరసది, పైగొంతుది కాదు. అందువల్ల ఏది పాట, ఏది తోడు అని బయటి చెవికి తెలియదు. అయినా బయట ఉండే చెవి ఎవరిది? మూడో పాటకు నేను నోరు తెరిచాను. తప్పాను. నాకు ఒక పక్క పెద్దాయన, మరో పక్క రెండు చేతులతో తొడ మీద తాళం వేస్తున్న లారీ డ్రైవరు. ఇద్దరూ నా తప్పును చెరో వైపు నుంచి నొక్కిపెట్టి లాక్కుపోయారు. ఎవరూ కళ్ళు మూసుకోలేదు.

మధ్యాహ్నం చెట్ల కింద పొడవాటి బల్లల మీద భోజనాలు. ఇంటికొక గిన్నె. నేను పట్టుకెళ్ళిన పులిహోర ఎవరూ ముట్టరనుకున్నాను, అడుగు కనబడింది. భోజనాల తరువాత పెద్దాయన నన్ను చెయ్యి పట్టుకుని నడుమకు తీసుకువెళ్ళారు. నాలుగు వైపుల నుంచి నాలుగు గొంతుల వరసలు వచ్చి సరిగ్గా ఆ చోట కలుస్తాయి. ఛాతీలో ఎముకలు మోగుతాయి. ఆ పాటను ఏ యంత్రంతో పట్టినా ఇంట్లో కూర్చుని వింటే సంతలో గోలలాగే ఉంటుంది. నేను తరువాత ఎన్నో రికార్డులు కొన్నాను, అన్నీ అంతే. ఆ ఒక్క అడుగు చోటులో నిలబడితే తప్ప దాని సంగతి తెలియదు.

ఆపైన ఏటా వెళ్ళాను. ఒకసారి అలబామాలోని శాండ్ మౌంటెన్ దాకా, హెనగర్ అనే ఊరికి కూడా వెళ్ళాం. అక్కడిది 1844 నాటి సేక్రెడ్ హార్ప్ పుస్తకం. నాలుగే ఆకారాలు, ఫా త్రికోణం, సోల్ గుండ్రం, లా చదరం, మీ వజ్రం. ఏడు స్వరాలకు నాలుగు పేర్లే ఉండడంతో ఫా, సోల్, లా రెండేసి సార్లు వస్తాయి. లెక్కల మనిషిని కాబట్టి నాకు అది ఒక పూట తలనొప్పి తెప్పించింది.

* * *

మిగతావి ముక్కలుగానే గుర్తున్నాయి.

మిసిసిపీ కొండప్రాంతంలో గ్రావెల్ స్ప్రింగ్స్ అనే పల్లె. ఆగస్టు చివర ఉక్క. ఓథా టర్నర్ అనే తొంభై ఏళ్ళ రైతు ఇంటి వాకిట్లో మేకమాంసం కాలుతోంది. చీకటి పడ్డాక ఆయన వెదురులాంటి రెల్లు గొట్టంతో తానే చేసుకున్న పిల్లంగోవి నోట పెట్టుకుని నడిచాడు. వెనుక పెద్ద డప్పు ఒకటి, చిన్నవి రెండు. వాటి వెనుక జనం, వంగి, నేలను తొక్కుతూ, ఎర్రటి దుమ్ము లేచేలా. నల్లవారి బ్లూస్ పాటల కంటే పాతదంటారు ఈ సంగీతాన్ని. నాకు మా ఊరి కొలుపుల రాత్రి గుర్తొచ్చి కాళ్ళు ఆగలేదు. ఆయన మొదటి సొంత ఆల్బమ్ 1998లో, తొంభై దాటాక వచ్చింది. పేరులోనే మేక ఉంది.

అమెడె ఆర్డ్వాన్ కేసెట్. లూసియానా నల్లజాతి అకార్డియన్ విద్వాంసుడు, ఫ్రెంచిలో పాడేవాడు. తెల్లజాతి ఫిడేలు విద్వాంసుడు డెనిస్ మగీ తోడుతో 1929లో మొదలుపెట్టి 1934 వరకు 34 పాటలు రికార్డు చేశాడు. ఒక నాట్యశాలలో చెమట తుడుచుకోమని ఒక తెల్ల ఆడపిల్ల చేతిరుమాలు ఇచ్చిందని, ఆ రాత్రి దారి కాచి చావగొట్టారని చెబుతారు. 1942లో పిచ్చాసుపత్రిలో పోయాడు. సమాధికి గుర్తు లేదు. ఆ కేసెట్ వింటూ పెద్దాయన ఎప్పుడూ మాట్లాడలేదు. మాటలు ఇద్దరికీ అర్థం కావు. ఆ గొంతు మాత్రం ఎత్తుకున్నప్పుడే ఏడుస్తూ ఉంటుంది.

టెక్సస్ గాయని లీడియా మెండోసా కథ చెప్పినప్పుడు నవ్వారు. ఆమె 1934లో పాడి పేరు తెచ్చుకున్న పాట మాటలు ఆమెకు చిన్నప్పుడు చూయింగ్ గమ్ చుట్టిన కాగితం మీద దొరికాయట. మన దగ్గర పల్లీల పొట్లాం విప్పి చదివిన కథలు గుర్తొచ్చాయి.

అప్పటి కంపెనీలు నల్లవారి పాటలకు ఒక సూచీ, కొండల్లోని తెల్లవారి పాటలకు మరో సూచీ వేసి అమ్మేవి. ఇరుగుపొరుగున వాయించుకున్న మనుషులను అలమరలో విడదీశారు. అందులో ఒక కంపెనీ, పారమౌంట్, అసలు విస్కాన్సిన్‌లోని కుర్చీల కంపెనీకి పిల్ల. గ్రామఫోను పెట్టెలు చేస్తున్నాం కదా, వాటిలో వేయడానికి రికార్డులు కూడా ఉంటే మంచిదని మొదలుపెట్టారు. గీషీ వైలీ, ఎల్వీ థామస్ అనే ఇద్దరు ఆడవాళ్ళు 1930 ప్రాంతంలో అక్కడికి వెళ్ళి పాడినవి ఆరు పాటలు. ఆ రికార్డులు లోకంలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. వాటికి సేకర్తలు కట్టే ధరలు పత్రికలో చదివి నేను ఆశ్చర్యపోతే, "వాళ్ళు ప్లేటు కొంటున్నారు" అని పెద్దాయన పత్రిక మడిచేశారు.

* * *

నేను తిరిగి వచ్చేసే ఏడు కొట్టం ఖాళీగా ఉంది. 2004లో కోటా పద్ధతి ఎత్తేశారు, పరిహారం ఇచ్చారు. అరెకరాల వాళ్ళందరూ మానుకున్నారు. ఆయన కొట్టంలో గడ్డిమోపులు పెట్టుకున్నారు. దూలాలకు మాత్రం వాసన పోలేదు. వీడ్కోలు చెప్పడానికి వెళితే అక్కడే నిలబడి, మీ ఊళ్ళో ఆకు ధర ఎలా ఉందని అడిగారు. నేను చెప్పాను. డాలర్లలోకి మార్చి చెప్పమన్నారు. మార్చి చెబితే తల అడ్డంగా ఊపారు. అంతే మా వీడ్కోలు.

పెట్టె మళ్ళీ తెరవడానికి నాకు వారం పట్టింది. పుస్తకం అంచులన్నీ పెన్సిలు రాతలు. ఏ పాటను ఎవరు నడుమ నిలబడి పాడించారో ఆ పాట పక్కన పేరు రాసుకోవడం వాళ్ళ అలవాటు. పోయినవారి పేరు పక్కన చిన్న గీత. పుటలు తిప్పుతుంటే అక్కగారి పేరు మూడుచోట్ల, మూడింటి పక్కనా గీత. ఇంకొంచెం ముందుకు వెళితే నా పేరు, ఇంటిపేరులో ఒక అక్షరం ఎక్కువగా.

అది మేమిద్దరం నడుమ నిలబడిన రోజు పాట. మంద్ర గొంతుల వరస మీద వేలు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, స్వరాలు పైకే అన్నాను. ఒకసారి కాదు, రెండుమూడు సార్లు.

పక్కగదిలోంచి అమ్మ పిలిచింది. ఎనభై ఎనిమిదేళ్ళు, పిలిస్తే వినబడదు, పాడితే వినబడుతుంది.

"ఏం గీతంరా అది?"

"కొత్తదమ్మా."

కాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయిందనుకున్నాను.

"మేస్టారు చెప్పనే చెప్పారు" అంది.

నేను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను, ఈసారి కొంచెం గట్టిగా.